పద్నాలుగో మంచం

ఎంపిక పోటీకి 60 రోజులు

కుందన ఇవాళ కూడా 4:19 దగ్గరే ఆగింది. పదిహేను వందల మీటర్లు, నాలుగు నిమిషాల పంతొమ్మిది సెకన్లు. పదకొండు నెలలుగా ఇదే అంకె చూసి చూసి నాకు విసుగొచ్చింది. జాతీయ జట్టులోకి వెళ్ళాలంటే 4:12 లోపు పరిగెత్తాలి. ఇరవై నిండేలోపు జట్టులోకి రానివాళ్ళకు మా కేంద్రంలో గది ఉండదు. కుందనకు మరో మూడు నెలల్లో ఇరవై నిండుతాయి. అంటే ఆ పిల్లకు మిగిలింది ఈ ఒక్క ఎంపిక పోటీయే.

ప్రతి కొత్త డైరీ మొదట్లోనూ రాసేవాళ్ళ వివరం ఉండాలని మా డైరెక్టర్ పరాంకుశంగారి నియమం. ఆయన ఎప్పుడూ తెరిచి చూడరు, అయినా రాస్తున్నాను. పేరు హైమవతి. వయసు యాభై నాలుగు. హోదా శిక్షణ ప్రణాళికాధికారి. ఏ అమ్మాయి ఏ పూట ఎంత దూరం, ఎంత వేగంతో పరిగెత్తాలో, ఆ అలుపు ఏ మంచానికి పోవాలో రాసిపెట్టడం నా పని. పన్నెండేళ్ళుగా రాస్తున్నాను. నా లెక్క తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

పొద్దున ఐదింటికి పట్టీలు తుడిచాం. పరిగెత్తే ప్రతి అమ్మాయి నడుముకూ ఒక తోడు పట్టీ ఉంటుంది. పరిగెత్తే కొద్దీ ఒంట్లో పుట్టే అలుపును అది తోడేస్తుంది. ట్రాక్ వెనక భవనంలో వరసగా మంచాలుంటాయి. వాటి మీద పడుకున్న మోతవాళ్ళ ఒంట్లోకి ఆ అలుపు దిగుతుంది. కుందనది పద్నాలుగో మంచం. దాని మీద ఎవరుంటారో నాకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. ముఖం చూస్తే జాలిపడి శిక్షణ తగ్గించేస్తామని పైవాళ్ళ భయం.

నేను పరిగెత్తిన రోజుల్లో ఈ పట్టీలు లేవు. సాధన అయ్యాక హాస్టల్ మెట్లు కూర్చుని కూర్చుని ఎక్కేదాన్ని. ఇప్పటి పిల్లలు మూడు పూటలు పరిగెత్తి కబుర్లు చెప్పుకుంటూ గదులకు పోతారు. వాళ్ళను చూస్తే నాకు కుళ్ళు. అబద్ధమెందుకు?

"మేడమ్, నాలుగో పూట కూడా పెట్టండి. నాకేమీ అనిపించట్లేదు," అంది కుందన.

పెట్టాను. మా దగ్గర అంకె కదలకపోతే పూటలు పెంచడమే పద్ధతి.

ఎంపిక పోటీకి 56 రోజులు

వంటశాల సింహాచలం పొద్దున్నే తగువు పెట్టుకున్నాడు.

"మీ పిల్లలు గుడ్లు ముట్టుకోట్లేదండి మేడమ్‌గారూ. పాలు కూడా సగం ఒగ్గేస్తన్నారు. మంచాలోళ్ళు సూస్తే మూడేసి కంచాలు లాగించేస్తన్నారు. నాను ఎవులికని వండాలి?"

"నువ్వు వండినది నోట్లో పెట్టుకునేలా ఉంటే పిల్లలే తింటారు," అన్నాను.

"నా వంటకేటి వొచ్చిందండీ? అలుపుతో పాటు ఆకలి కూడా అటేపే పోతన్నాదేమో సూడండి."

నవ్వొచ్చింది. వంటవాడు నాకు శరీరశాస్త్రం చెబుతున్నాడనుకున్నాను. పోయి సాంబారు చూసుకోమన్నాను.

ఎంపిక పోటీకి 51 రోజులు

నాలుగు పూటలు మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. ఇవాళ్టి అంకె 4:19.6. తగ్గకపోగా పెరిగింది. ఏ పూట చూసినా చెప్పిన వేగం చెప్పినట్టు పరిగెత్తింది, ఒక్క అడుగు ఎగ్గొట్టలేదు. నాకు అంతుపట్టడం లేదు.

సాయంత్రం కుందన నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడింది. రాత్రిళ్ళు నిద్ర పట్టక పైకప్పు గాజు పలకలు లెక్కపెడుతోందట. నాలుగేళ్ళుగా అంతేనట. ఎందుకు చెప్పలేదంటే, అందరికీ అంతే అనుకుందట.

"ఇంటికి పంపించేస్తారా మేడమ్?"

"ఇంకా యాభై రోజులుంది. నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తాను," అన్నాను. పైకి కసిరాను గానీ లోపల భయంగానే ఉంది.

ఎంపిక పోటీకి 48 రోజులు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ సిబ్బంది ఆటల రోజు. ఏడాదికోసారి గుమాస్తాలు, వంటవాళ్ళు, మోతవాళ్ళు అందరూ ట్రాక్ మీదికి వస్తారు. బయట ఎండ యాభై రెండు డిగ్రీలుంటే గాజు కప్పు కింద చల్లగా కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ పరుగు, గోనెసంచి పరుగు. చివర్లో పదిహేను వందల మీటర్లు. నడిచేవాళ్ళు నడవచ్చు, పరిగెత్తేవాళ్ళు పరిగెత్తచ్చు. గెలిచినవాళ్ళకు స్టీలు డబ్బాల సెట్టు. పరాంకుశంగారు బద్ధకించి పాత గడియారాలు తెప్పించలేదు. అసలు పోటీల్లో సమయం కొలిచే గేటునే ఆన్ చేసి వదిలేశారు.

మోతవాళ్ళలో ఒకావిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు విడిచి గీత దగ్గర నిలబడింది. నలభై దాటిన మనిషి. ఈల వేశారు. గుమాస్తాలు నవ్వుతూ మొదటి మలుపులోనే ఆయాసపడుతూ ఆగిపోయారు. ఈవిడ మాత్రం పోతూనే ఉంది. రెండో చుట్టులో నేను టీ గ్లాసు కింద పెట్టాను. మూడో చుట్టులో లేచి నిలబడ్డాను. గీత దాటి, నేరుగా డబ్బాల దగ్గరికి వెళ్ళి, మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో తీసి చూసుకుంది.

గేటు మీద 4:38.

గేటు పాడైందన్నారు. అక్కడికక్కడే మూడుసార్లు పరీక్షించాను. పాడవలేదు. కుందన నా పక్కనే ఉంది, దాని నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఒక్క పూట సాధన లేకుండా, చీరతో, వట్టి కాళ్ళతో నాలుగూ ముప్పై ఎనిమిది! మా కేంద్రంలో చేరిన రెండో ఏడాది పిల్లల్లో సగంమంది అది పరిగెత్తలేరు.

పేరు అడిగాను. అచ్చియ్యమ్మ అంది. మంచం ఎన్నోదని అడిగాను. అడగకూడదు, అయినా అడిగాను.

పద్నాలుగు.

ఎంపిక పోటీకి 47 రోజులు

నియమం తప్పి మంచాల భవనంలోకి వెళ్ళాను. పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి. సన్నగా, నీరసంగా ముక్కుతూ మూలుగుతూ ఉంటారనుకున్నాను. లోపలున్న వాళ్ళందరూ దిట్టంగా ఉన్నారు. ఏ తొడ చూసినా, ఏ పిక్క చూసినా నేను నా పిల్లల్లో చూడాలని తపించిన కండ. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"రండమ్మగోరూ, కూకోండి," అంది అచ్చియ్యమ్మ మంచం మీద చోటిచ్చి. ఇదివరకు జీడిపిక్కలు కొట్టే పని చేసేదట. సముద్రం వాళ్ళ ఊరిని తినేశాక ఇక్కడికొచ్చింది. వయసు నలభై మూడు.

"ఈ మంచం మీద నీకు ఎలా ఉంటుంది?"

"ఎలాగుంటాదేటి? ఎవులో నా ఒంట్లోకి దూరి పొద్దల్లా పరిగెట్టినట్టుంటాది. పిక్కలు పట్టీస్తాయి. ఆకలి దంచీస్తాది. తినీసి తొంగుంటాను. తెల్లారీసరికి ఒళ్ళు తేలిపోతాది. మొదట్లో ఏడిసీదాన్ని గానీ ఇప్పుడు బాగుంటాదమ్మగోరు. కొండెక్కినా రొప్పు రాదు."

మధ్యాహ్నం ఆవిడ చేత చీర మార్పించి, బూట్లు తొడిగించి మళ్ళీ పరిగెత్తించాను. 4:16.

కుందన కంటే మూడు సెకన్లు ముందు.

ఎంపిక పోటీకి 46 రోజులు

డాక్టర్ రజాక్‌గారు తెర మీద రెండు గుండెల బొమ్మలు పెట్టారు.

"మేడమ్, మీరు అనుభవజ్ఞులు. ఏది ఎవరిదో చెప్పండి."

మొదటిది పెద్దది, నిదానంగా, బలంగా కొట్టుకుంటోంది. అది పరుగుపందేల మనిషిదన్నాను. రెండోది ఎప్పుడూ ఆటలాడని మామూలు ఆడపిల్లదన్నాను.

"మొదటిది అచ్చియ్యమ్మది. రెండోది కుందనది," అన్నారాయన.

అదెలా కుదురుతుందని అడిగాను.

"పరిగెత్తినంత మాత్రాన బలం రాదు కదా మేడమ్. పరిగెత్తి అలవాలి. ఆ అలుపు తీరేటప్పుడు ఒళ్ళు బలం కట్టుకుంటుంది. మీరు అలుపును అటు పంపించారు. బలం కూడా దాని వెంటే పోయింది. మొదట్లో ఈ పిల్ల మెరుగుపడిందంటే అది అడుగు వేసే తీరు బాగుపడటం వల్ల. ఒంట్లో చేరింది ఏమీ లేదు. అరుగుదల మాత్రం ఈమెకే మిగిలింది. మోకాళ్ళ కింద ఎముకలు చూడండి, ఎంత పలచబడ్డాయో. ఇంకో ఏడాది ఇలాగే సాగితే విరిగేవి. విరిగేదాకా ఆమెకు తెలిసేది కూడా కాదు."

ఇది నాకు తెలియని సంగతా? నా చిన్నప్పుడు మా కోచ్ ఒక రోజు కష్టం, ఒక రోజు తేలిక అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు. హాస్టల్ మెట్లు కూర్చుని ఎక్కిన వారానికే నేను వేగం అందుకునేదాన్ని. సొంత ఒంటి మీద చూసిన విషయాన్ని, పట్టీలు వచ్చాక, శుభ్రంగా మరిచిపోయాను. నాలుగేళ్ళు ఆ పిల్ల చేత పరిగెత్తించాను. పన్నెండేళ్ళలో ఇంకెంతమంది చేత పరిగెత్తించానో.

కుందనకు నేనే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అంటే ఇన్నాళ్ళూ నేను పరిగెత్తనట్టేనా మేడమ్?" అంది.

ఎంపిక పోటీకి 45 రోజులు

పొద్దున్న పరాంకుశంగారికి కాగితాలన్నీ చూపించి పట్టీలు ఆపేయమన్నాను. గుండె బొమ్మల వంక చాలాసేపు చూశారు. "ఆలోచిద్దాం. అప్పటిదాకా ఎవరూ పట్టీ తీయకూడదు," అన్నారు. సరే, తీయలేదు. కుందన నడుముకు పట్టీ ఉంచి, వెనక మంచానికి అలుపును పంపే తీగ స్విచ్ కట్టేశాను. అది నా చేతిలో పనే.

ఆరుసార్లు నాలుగు వందల మీటర్లు రాశాను. నాలుగోదానికే కుందన ఆగిపోయి ట్రాక్ మీద కూలబడింది. ముఖం పాలిపోయింది.

"మేడమ్, నా కాళ్ళలో ఏదో పోశారు. బరువెక్కిపోతున్నాయి. నా మాట వినట్లేదు. నేను చచ్చిపోతున్నానా?"

నేను బిత్తరపోయాను. పంతొమ్మిదేళ్ళ క్రీడాకారిణి, నాలుగేళ్ళుగా రోజుకు ఇరవై కిలోమీటర్లు పరిగెత్తిన పిల్ల, అలుపును గుర్తుపట్టలేకపోయింది. తీగ కట్టేయడంతో మంచం మీద పనిలేక ట్రాక్ దగ్గరికి వచ్చి కూర్చున్న అచ్చియ్యమ్మే లేచి వెళ్ళింది. కుందన కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఓలమ్మా, ఏటీ కాదు. అది అలుపు. నీదే. నాలుగేళ్ళు నానే కదా మోసినాను, నాకెరికే. ముందు పిక్కలు పట్టీస్తాది. సాయంత్రానికి నడుంకాడికి వొస్తాది. అన్నం తిన్నాక కళ్ళ మీదికి దిగుతాది. అప్పుడు ఆపకుండా తొంగోవాలి. భయపడకు, నానుంటాను."

అన్నీ ఆవిడ చెప్పిన వరసలోనే జరిగాయి. కుందన సాయంత్రం మూడు గుడ్లు తిని, కంచం ముందే తూలిపోయింది. సింహాచలం నా వంక ఒక చూపు చూశాడు. ఆ చూపుకు నేను అర్హురాలినే.

ఎంపిక పోటీకి 38 రోజులు

నాకు ప్రణాళిక రాయడం రాదని తెలిసింది. పూటలు పెంచడం ఒక్కటే వచ్చు. ఇప్పుడు పొద్దున్నే కుందనను లేపి, ఎలా ఉన్నావని అడిగి, దాని ముఖం చూసి, అప్పుడు ఆ రోజుది రాస్తున్నాను. నిన్న రాసింది ఇవాళ కొట్టేస్తున్నాను. నాలుగు పూటలు ఒక పూటయ్యాయి. ఎముకల సంగతి డాక్టర్‌గారు వారానికి రెండుసార్లు చూస్తున్నారు.

నాకు తేడా తెలియనప్పుడు అచ్చియ్యమ్మను అడుగుతున్నాను. కుందన నడక చూసి ఆవిడ చెప్పేస్తుంది. "ఇయ్యాల ఒగ్గీయండమ్మగోరు. ఆ గుంటకి నిన్నటిది ఇంకా దిగలేదు." ప్రణాళికాధికారిని నేను. పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను.

నువ్వు కూడా పోటీ చెయ్యరాదా అని ఆవిడను అడిగాను.

"ఎవులినో దాటిపోయి నానేటి సేసుకుంటానండీ? డబ్బాలు వొచ్చీసాయి కదా," అంది.

ఎంపిక పోటీకి 24 రోజులు

4:16.2.

ఏడాది తరవాత అంకె కదిలింది. కుందన గేటు దగ్గర నిలబడి ఆ అంకెను వేలితో తాకి చూసింది. కుంటుకుంటూ గదికి పోయింది, నవ్వుకుంటూ. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా పట్టీల గదిలోకి పోయి ఏడ్చాను.

ఎంపిక పోటీకి 15 రోజులు

పరాంకుశంగారు పిలిచారు. టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే ఏదో ఉందన్నమాట.

"హైమవతిగారూ, మీరు కనిపెట్టింది చిన్న విషయం కాదండీ. నెలరోజులుగా నాకు వేరే ఆలోచన లేదు. బలమంతా మంచం మీదికి పోతోంది. అవునా?"

"అవునండీ. అందుకే పట్టీలు ఆపేయమని..."

"ఆపడమెందుకండీ? తిప్పేద్దాం. మన పిల్లలు మంచాల మీద పడుకుంటారు. వాళ్ళ కోసం వేరేవాళ్ళు పరిగెత్తుతారు. పొద్దుట్నించి సాయంత్రం దాకా పరిగెత్తినా వాళ్ళకు అలుపు తెలియదు కదా. ఆ అలుపంతా మన పిల్లలకే. బలమూ మన పిల్లలకే. నలభై మందిని మాట్లాడాను."

నేను నిర్ఘాంతపోయాను. నా నోటితో నేను చెప్పిన మాటలే ఇలా బయటికొస్తున్నాయి.

"వాళ్ళ ఎముకలు విరిగిపోతాయండీ. ఏడాది కూడా ఆగవు."

"మారుస్తూ ఉంటాం. మనుషులకేం కొదవ? ముందు పద్నాలుగో మంచంతో మొదలుపెట్టండి. ఆ ఆవిడ పరిగెత్తుతుంది, కుందన పడుకుంటుంది. పదిహేను రోజుల ప్రణాళిక రేపటికి నా బల్ల మీద ఉండాలి. లేదంటే కుందన పేరు పోటీకి పంపను."

దాచను, రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు కూడా. కుందన ఇవాళ 4:15 దగ్గరుంది. ఈ పద్ధతిలో అయితే 4:12 ఖాయంగా వస్తుందని నా లెక్క చెబుతోంది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరి ముందూ కూర్చున్నాను.

"నాను పరిగెడతానమ్మగోరు. ఆ గుంటని పడుకోనీండి," అంది అచ్చియ్యమ్మ వెంటనే.

కుందన కాగితం అంతా చదివింది. "అచ్చియ్యమ్మ పిన్నికి అలుపు తెలీదా?"

"తెలీదు. అది నీకొస్తుంది."

"మరి ఎముకలు ఎవరివి అరుగుతాయి?"

నేను అచ్చియ్యమ్మ కాళ్ళ వైపు చూశాను.

"నాకొద్దు మేడమ్. నా కాళ్ళకేమవుతోందో ఇప్పుడిప్పుడే నాకు తెలుస్తోంది. ఇంకొకరికి తెలియకుండా చెయ్యమంటే ఎలా చేస్తాను? ఇంటికి పంపితే పోతాను."

ఆ పిల్ల అంత మాట అంది. మరి నేనేం చేశాను? ఆ కాగితం మీద సంతకం చేసి పరాంకుశంగారి బల్ల మీద పెట్టాను. అందులో ఉన్నట్టు ఒక్క పూట కూడా జరగదు. కుందన తన పరుగు తనే పరిగెత్తుతుంది. ఆయన పోటీ దాకా ట్రాక్ వైపు రారు. ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నాను.

ఎంపిక పోటీకి 5 రోజులు

పోటీ దగ్గరికొచ్చింది కాబట్టి పరుగు తగ్గించాను. కుందన 4:13 చూసింది. ఈ ఐదు రోజుల విశ్రాంతిలో ఒంట్లో ఉన్న అలుపు తీరితే ఆ ఒక్క సెకనూ దిగొచ్చని ఆశ. ఆశే, లెక్క కాదు.

మధ్యాహ్నం వసారాలో కొత్తవాళ్ళు కనిపించారు. నలభై మంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, వరసగా కూర్చుని ఉప్మా తింటున్నారు. ఒకతను వాళ్ళ పాదాలకు కొలతలు తీసుకుంటున్నాడు.

"పని కష్టమేటండీ ఇక్కడ?" అని ఒక నడివయసు మనిషి అడిగాడు.

"కష్టమే తెలీదయ్యా. తెలియకుండా చేసేదే ఈ పట్టీ," అన్నాడు కొలతలవాడు.

సోమవారం మొదలట. కుందన ఫలితం చూపించి పైవాళ్ళ దగ్గర అనుమతి తీసుకుంటారట. ఈ సంగతి విన్నాక గానీ నేనేం చేశానో నాకు బోధపడలేదు. కుందన గెలిస్తే, నా సంతకం ఉన్న ఆ దొంగ కాగితమే ఈ నలభై మంది మెడకు చుట్టుకుంటుంది. ఇప్పుడు నిజం చెబితే కుందన పేరు కొట్టేస్తారు. ఎటు చూసినా నాకు దారి కనిపించలేదు.

సాయంత్రం కుందనకు చెప్పాను, దాచలేకపోయాను. "ముందు పరిగెత్తనివ్వండి మేడమ్," అంది అంతే.

ఎంపిక పోటీ రోజు

పన్నెండు మంది గీత మీద నిలబడ్డారు. పన్నెండు నడుములకూ పట్టీలు. స్టేడియం వెనక గదుల్లో పదకొండు మంచాల మీద పదకొండు మంది పడుకున్నారు. పద్నాలుగో మంచం మనిషి నా పక్కనే బెంచీ మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

మొదటి రెండు చుట్లు కుందన ఏడో చోట ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు బొమ్మల ముఖాల్లా ప్రశాంతంగా ఉన్నాయి. దీని ముఖం ఒక్కటే వంకర్లు తిరుగుతోంది. మూడో చుట్టులో ఆరో చోటికి, నాలుగో చోటికి వచ్చింది. ఆఖరి మలుపులో కాళ్ళు బరువెక్కడం నాకు కనిపించింది. "ఇప్పుడు పిక్కలు పట్టీసాయి," అంది అచ్చియ్యమ్మ. "దానికెరికే. ఇంక భయపడదు." కుందన చేతులు విసురుగా ఆడిస్తూ మూడో చోట గీత దాటింది.

బోర్డు మీద 4:11.8. జట్టులో ఆఖరి చోటు.

అరవబోయి ఆగిపోయాను. కుందన గీత అవతల మోకాళ్ళ మీద పడి, పక్కకు ఒరిగి వాంతి చేసుకుంటోంది. స్టేడియమంతా ఒక్కసారి లేచి నిలబడింది. గీత దగ్గర ఎవరైనా పడిపోవడం ఈ తరం వాళ్ళెవరూ చూడలేదు. మిగతా పదకొండు మందీ జుట్టు సవరించుకుంటూ నిలబడి ఉన్నారు. స్ట్రెచర్ పట్టుకుని నలుగురు పరిగెత్తుకొచ్చారు.

అదే సమయానికి మైకులో పరాంకుశంగారి గొంతు వినిపించింది. కంగారుపడవద్దన్నారు. ఇది మా కేంద్రం కనిపెట్టిన కొత్త పద్ధతి తొలి విజయమన్నారు. ఈ అమ్మాయి పదిహేను రోజులు మంచం మీదే ఉంది, ఆమె బదులు వేరే మనిషి పరిగెత్తింది, సోమవారం నుంచి నలభై మందితో మొదలుపెడుతున్నామన్నారు. ఆయన చేతిలో నా కాగితం ఉంది. జనం చప్పట్లు కొట్టారు.

కుందన స్ట్రెచర్‌ను చేత్తో తోసేసింది. మైకు ఇమ్మని సైగ చేస్తే ఎవరో తెచ్చి చేతికిచ్చారు. లేవబోయింది గానీ లేవలేకపోయింది. ట్రాక్ మీదే కూర్చుని, ఊపిరి అందక రెండు మూడుసార్లు నోరు తెరిచి మూసింది. ఆ రొప్పు స్టేడియమంతా వినిపించింది.

"అలిసిపోయాను," అంది.

చప్పట్లు ఆగిపోయాయి.

"కాళ్ళు వణుకుతున్నాయి. దగ్గరికొచ్చి చూడండి. నా పట్టీ నలభై అయిదు రోజులుగా పనిచెయ్యట్లేదు. నేను మంచం మీద పడుకోలేదు. నా కోసం ఎవరూ పరిగెత్తలేదు. ఇది నా అలుపే. ఆ నలభై మందిని పంపించెయ్యండి."

పరాంకుశంగారు నా వైపు తిరిగి కాగితం పైకెత్తారు. ఈ సంతకం ఎవరిదని అడిగారు. నేను బెంచీ మీద నుంచి లేచి, అందరికీ వినబడేలా, సంతకం నాదే, అందులో రాసిందంతా అబద్ధం అన్నాను. ఉద్యోగం అక్కడితో సరి. ఆ మాట అన్నాక ఊపిరి తేలిగ్గా ఆడింది.

నేను, అచ్చియ్యమ్మ ట్రాక్ మీదికి దిగాం. అప్పటికే మొదటి చోట గెలిచిన అమ్మాయి, వేరే కేంద్రం పిల్ల, కుందన పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఒంటి మీద చెమట తప్ప పరిగెత్తిన ఆనవాలు లేదు. మెల్లగా చెయ్యి చాపి, వణుకుతున్న కుందన పిక్క మీద వేసింది. ఉలిక్కిపడి తీసేసింది. మళ్ళీ వేసి, ఈసారి అలాగే ఉంచింది. తన పిక్కను రెండో చేత్తో నొక్కి చూసుకుంది. నడుముకున్న పట్టీని తడుముకుంది.

తరవాత తల ఎత్తి నా వంక చూసింది.

"మేడమ్, మరి నాది ఎవరి దగ్గరుంది?" అని అడిగింది.